రాయగడ నుంచి విశాఖకి: అమ్మాయికి ఏం కొనివ్వాలి?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. కిరాణా కొట్టు నడుపుతున్నాను. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. మా అమ్మాయి ఇంగ్లిష్ మీడియంలో ప్లస్ టూ పాసయింది, విశాఖలో బీటెక్ ఏఐ బ్రాంచిలో చేరుతోంది. మా బావమరిది తన కొడుక్కి లక్షా పదివేలు పెట్టి గేమింగ్ ల్యాప్‌టాప్ కొనిచ్చాడు. నేనూ అలాంటిదే కొనాలా, టాబ్లెట్ సరిపోతుందా, లేక ఏఐ ఆన్‌లైన్ కోర్సుకి డబ్బు కట్టాలా? అక్కడ సిటీ పిల్లల మధ్య మా పాప వెనకబడిపోకూడదు.

జవాబు: ఏటా ఈ రోజుల్లో ఇదే ప్రశ్న నా దగ్గరికి వస్తుంది. ఒక ఏడాది స్కూటీ గురించి, ఒక ఏడాది ఫోను గురించి. చివర్లో ‘వెనకబడిపోకూడదు’ అన్న మాట మాత్రం ప్రతిసారీ ఉంటుంది. దాని సంగతి చివర్లో చూద్దాం.

ల్యాప్‌టాప్ విషయం త్వరగా తేల్చేస్తాను. టాబ్లెట్ వద్దు, ప్రోగ్రాములు రాసే పిల్లకి కీబోర్డు కావాలి. 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ చాలు. గేమింగ్‌వి బరువెక్కువ, ఛార్జింగ్ తొందరగా దిగిపోతుంది, ఛార్జరే ఇటుకంత ఉంటుంది. రోజూ వీపు మీద మోసేది మీ అమ్మాయి. పెద్ద ప్రోగ్రాములు నడపాల్సి వస్తే గూగుల్ కొలాబ్ లాంటి, నెట్‌లోనే ప్రోగ్రాములు నడిపే సైట్లు ఉచితంగా ఉన్నాయి. అయినా ఇప్పుడే కొనకండి. చేరాక సీనియర్లని, లెక్చరర్లని అడిగి కొనండి. అప్పటిదాకా ల్యాబ్‌లో కంప్యూటర్లు ఉంటాయి.

ఏఐ కోర్సు గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. గుణుపురం వైపు నుంచి ఒక తండ్రి కొడుక్కి బహుమతిగా ఇలాంటి కోర్సే కట్టారు. అమ్మినవాళ్లు ఫోన్‌లోనే నెలవాయిదాలు పెట్టించారు. తాను కట్టేది కోర్సు ఫీజు అని ఆయన అనుకున్నారు. తీరా చూస్తే అది ఆయన పేరు మీద తీసిన లోను. అబ్బాయి పదకొండు వీడియోలు చూశాడు. పన్నెండోదాంట్లో ఐగెన్ వాల్యూలనే లెక్కల పాఠం వచ్చింది, కాలేజీలో ఆ పాఠం ఇంకా మొదలే కాలేదు. వాడు ఆపేశాడు, వాయిదాలు మాత్రం ఆగలేదు. ఆ తండ్రి నా ఎదుట కూర్చుని ‘వాడికి చెప్పకండి సార్, బాధపడతాడు’ అన్నారు.

ఏఐ బ్రాంచి అన్న పేరు మీదే నాకు కొంత అనుమానం ఉంది. మొదటి ఏడాది లెక్కలు, ఫిజిక్స్, ప్రోగ్రామింగ్ మామూలు కంప్యూటర్ సైన్స్ పిల్లలకీ ఏఐ పిల్లలకీ దాదాపు ఒకటే. బోర్డు మీద రెండక్షరాలు పెరిగితే పాఠం చెప్పే మాస్టార్లు మారిపోరు. సీటు తీసుకోవడం తప్పని నేననను. ఆ రెండక్షరాలకి భయపడి పైన ఇలాంటి కోర్సులకి ఇంకా డబ్బు పోయడమే తప్పంటాను. మీ అమ్మాయికి కావాల్సింది లెక్కలు, అందులోనూ లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ. ఐఐటీ ప్రొఫెసర్లు చెప్పిన పాఠాలు ఎన్‌పీటెల్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. సర్టిఫికెట్ కోసం పరీక్ష రాయాలనుకుంటేనే ఫీజు.

ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకండి. మీరు కొట్టు నడిపేవారు. కందిపప్పు బస్తా దించుకునే ముందు గుప్పెడు తీసి నోట్లో వేసుకుని మరీ చూస్తారు. లక్ష రూపాయల వస్తువు మాత్రం బావమరిది కొన్నాడని కొంటారా? మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అమ్మాయిని అడిగినట్టు ఒక్క ముక్క కూడా కనపడలేదు.

ఇక వెనకబడటం గురించి. మన సరిహద్దు ఊళ్ల పిల్లల కష్టం నాకు తెలుసు. రాయగడలో వాళ్లు తెలుగువాళ్లు, విశాఖ వెళ్తే ఒడియావాళ్లు. నోటితో తెలుగు గలగలా మాట్లాడతారు, బస్సు మీద బోర్డు చదవలేరు. ఒకమ్మాయి మొదటి వారంలో నాకు ఫోన్ చేసి ఏడ్చింది. చదువుకి సంబంధించిన బాధ కాదది. హాస్టల్ నోటీసు బోర్డులో తెలుగులో ఏదో రాస్తే పక్క పిల్లని ‘ఏం రాశారు?’ అని అడగాల్సి వచ్చింది. ‘తెలుగమ్మాయివేగా!’ అని ఆ పిల్ల నవ్వింది.

మీ అమ్మాయి స్కూల్లో తెలుగు చదవలేదు కదా? అయితే వెళ్లే లోపల మీరే నేర్పండి. రోజూ కొట్టు కట్టేశాక అరగంట కూర్చుంటే, నెల లోపల బోర్డులు చదివేస్తుంది. ఒడియాకీ మనకీ అక్షరాల వరస ఒకటే, గుండ్రాలు తిప్పడం ఆ పిల్ల చేతికి కొత్త కాదు. ఒడియాలో ఎ, ఏలకీ ఒ, ఓలకీ విడివిడి అక్షరాలు లేవు, తడబడితే అక్కడే తడబడుతుంది. పలక అక్కర్లేదు, మీ ఖాతా పుస్తకం తీయండి. ‘అప్పారావు, పంచదార 2 కేజీలు, బాకీ’ అని చదివించండి. అక్షరాలూ వస్తాయి, ఇంట్లో డబ్బు ఎలా కూడుతుందో కూడా తెలుస్తుంది. మా తమ్ముడు కూతురికి నేను ఇలాగే నేర్పాను. ఆ పిల్లకిప్పుడు మా చుట్టాల బాకీలన్నీ కంఠతా వచ్చు, అదొక్కటే ఇబ్బంది.

కొనిపెట్టాలని మీకు ఉంటే కొనండి, కాదనను. అమ్మాయి పేరున బ్యాంకు ఖాతా తెరిపించి ఆధార్ లింకు చేయించండి, స్కాలర్‌షిప్ వస్తే అందులోనే పడుతుంది. జిప్పున్న మంచి ఫైలు కొని అందులో మార్కుల మెమో, మైగ్రేషన్ సర్టిఫికెట్, సీఎల్‌సీ (కాలేజీ వదిలినట్టు ఇచ్చే సర్టిఫికెట్), కుల ధ్రువీకరణ పత్రం, ఒక్కోదానికి మూడేసి జిరాక్సులు పెట్టండి. ఒరిజినల్స్ చూసి అప్పుడే వెనక్కిచ్చేయాలని 2018లోనే యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) చెప్పింది. కాలేజీవాళ్లు దగ్గరే ఉంచుకుంటామంటే ఆ మాట గుర్తుచేయండి. కెటిల్, ఇండక్షన్ పొయ్యి మాత్రం హాస్టల్ రూల్స్ అడిగాకే కొనండి, చాలాచోట్ల రానివ్వరు.

గది గోడకి ఏదైనా కావాలంటే, మన జిల్లా లంజియా సౌర గిరిజనులు వేసే బొమ్మ ఒకటి చూడండి. వాటికి 2024లో జీఐ గుర్తింపు, అంటే అవి ఈ ప్రాంతానివే అన్న అధికారిక ముద్ర, వచ్చింది. ‘మీది ఒడిశానా?’ అని ఎవరైనా అడిగితే, మీ అమ్మాయి తల దించుకోకుండా ఆ బొమ్మ చూపించి మాట్లాడుతుంది.

ఇంకొకటి, దసరా సెలవులకి ఇంటికొచ్చే రైలు టికెట్. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు, ఆ తేదీ కొట్లో క్యాలెండర్ మీద ఇప్పుడే రాసి పెట్టుకోండి. కొట్టు తీసే వేళకే టికెట్లు కూడా తెరుస్తారు, ఆ ఒక్కరోజు షట్టరు పది నిమిషాలు ఆలస్యంగా ఎత్తండి.