నాన్నగారికి నీళ్లు తాగితే పొలమారుతోంది, మాట సన్నబడి మాకు వినబడట్లేదు: సమాధానం

పార్కిన్సన్స్ (కదలికలు మందగించే మెదడు జబ్బు) ఉన్న మీ నాన్నగారికి అన్నం దిగుతూ నీళ్లకే పొలమారుతోందంటే, చాలావరకు ఆ జబ్బు వల్ల నాలుక, గొంతు కండరాలు మందగించడమే. పల్చటివి త్వరగా జారి శ్వాసనాళంలోకి పోతాయి. మాట సన్నబడటానికీ ఆ జబ్బే కారణం.

1. అందరూ వదిలేసేది తాగే తీరు. మన ఇళ్లలో గ్లాసు ఎత్తి, తల వెనక్కి వాల్చి నోట్లో పోసుకుంటాం. అది ముందు మాన్పించండి. నిటారుగా కూర్చోబెట్టి, వెడల్పు మూతి గ్లాసు పెదవికి ఆనించి, చిన్న గుక్క ఇవ్వండి. అది మింగాకే ఇంకోటి. గ్లాసు సగమవగానే మళ్లీ నింపండి. లేకపోతే అడుగున ఉన్నదాని కోసం తల ఎత్తేస్తారు.

2. పార్కిన్సన్స్‌కి వాడే లెవోడోపా మాత్ర పనిచేస్తున్న వేళలోనే భోజనం పెట్టండి. వేళలు న్యూరాలజిస్టును అడిగే మార్చండి.

3. చోడి (రాగి) అంబలి ఉండలు లేకుండా కాస్త చిక్కగా కాచండి. తినేటప్పుడు టీవీ వద్దు, మాటలొద్దు. తిన్న వెంటనే పడుకోబెట్టొద్దు.

4. మీకు దగ్గరైతే శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రి (రిమ్స్) ఈఎన్‌టీ ఓపీలో చూపించి, స్పీచ్ థెరపిస్టు గురించి అడగండి. గట్టిగా పలికే సాధన, మింగే పరీక్ష రెండూ వాళ్ల పనే.

దగ్గు లేకుండా కూడా నీళ్లు, తిండి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. తాగాక గొంతు గరగరలాడినా, జ్వరం, ఆయాసం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.