ముందు చక్రాలు తిరగడం చూశాకే డబ్బులివ్వు

తిరుపతి

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. బంగారుపాళ్యం తోటకు పోయి రావడానికి నువ్వు నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే సెకండ్ హ్యాండ్ ఫోర్ బై ఫోర్ బండి చూస్తున్నావట. చెన్నైలో ఒకటి, బెంగళూరులో ఒకటి ఫొటోల్లోనే నచ్చాయట. ఆదివారం అడ్వాన్స్ పంపిస్తానంటున్నావని కూడా చెప్పింది. అడ్వాన్స్ మాత్రం ఇప్పుడే పంపొద్దు. ముందు ఈ ఉత్తరం చదువు.

నీకు ఆ బండి అవసరమే, కాదనను. ఎండాకాలం అయితే ఆ దారికి మామూలు బండి చాలు. కానీ తోతాపురి కోతకు వచ్చే రోజుల్లోనే వానలు మొదలవుతాయి. వంక దాటాక ఉన్న ఆ ఎర్రమట్టి ఎక్కుడులో వెనక చక్రాలు మాత్రమే తిరిగే బండి జారుతుంది. మాన్యువల్ గేర్లు కావాలనుకోవడం కూడా మంచిదే. కాయల బరువుతో గుట్ట దిగేటప్పుడు చిన్న గేరులో ఇంజినే బండిని పట్టుకుంటుంది, బ్రేకులు కాలిపోవు. ముప్పై ఏళ్లు తిరుమల ఘాట్‌లో జీపు నడిపాను కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలను.

నా మొదటి జీపు సంగతి నీకు తెలియదు. అప్పటికి నేను డ్రైవరునే గానీ సొంతంగా బండి కొనడం అదే మొదలు. రంగు బాగుంది, ఇంజిన్ బాగా లాగుతోంది. గేరు రాడ్డు పక్కన చిన్న లివరు లాగితే వస్తోంది, తోస్తే పోతోంది. ఫోర్ వీల్ బాగుందనుకుని డబ్బులిచ్చేశాను. మొదటి వానకే వంకలో దిగబడింది. లివరు వేసి ఎంత తొక్కినా వెనక చక్రాలే ఇసుక ఎగజిమ్ముతున్నాయి, ముందువి కదలవు. మీ తాత ఎద్దులు తోలుకొచ్చి లాగించాడు. మర్నాడు కిందికి దూరి చూస్తే ముందు చక్రాలకు బలం తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టే లేదు. శబ్దం వస్తోందనో, మైలేజీ కోసమో ఎవరో విప్పేశారు. కొనేముందు ఒక్కసారి వంగి చూసుంటే సరిపోయేది. రెండు నెలల సంపాదన దానికే పెట్టాను.

అందుకే ఏ బండి చూసినా ముందు కింద పడుకుని చూడు. గేర్‌బాక్స్ బలాన్ని ముందుకూ వెనక్కూ పంచే పెట్టెను ట్రాన్స్‌ఫర్ కేసు అంటారు. దాని నుంచి ముందుకొక షాఫ్టు, వెనక్కొక షాఫ్టు కనిపించాలి. గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు డిఫరెన్షియల్, వెనక డిఫరెన్షియల్ (మలుపులో ఎడమ, కుడి చక్రాలు వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల పెట్టెలు), ఈ నాలుగింటిలో దేని ఆయిల్ దానిదే. ఎక్కడైనా తడిగా ఉంటే వేలితో తుడిచి చూడు. మెకానిక్‌ను తీసుకెళ్తే ఫిల్లర్ బోల్టు విప్పించి లోపలి ఆయిల్ కూడా చూడు. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరాయని అర్థం, బండి లోతు నీళ్లలో దిగింది. ఛాసిస్ మీద కొత్త వెల్డింగు, ఒకచోట మాత్రమే వేసిన నల్ల పెయింటు కనిపిస్తే ఆ బండి వదిలేయ్.

తర్వాత ఫోర్ వీల్ వేయించి నడుపు. తారు రోడ్డు మీద మాత్రం వద్దు. మనవైపు దొరికే ఇలాంటి బండ్లలో ఎక్కువ వాటికి ముందు, వెనక చక్రాల మధ్య తేడా సర్దే డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, వెనకవి తక్కువ. మట్టిలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు, బండి బిగుసుకుపోతుంది, గొలుసో గేరో దెబ్బతింటుంది. 2009లో వచ్చిన మొదటి తరం టొయోటా ఫార్చ్యూనర్ ఫోర్ బై ఫోర్‌కు మధ్యలో డిఫరెన్షియల్ ఉంది కాబట్టి దానికి ఈ ఇబ్బంది లేదు. మహీంద్రా తార్‌లాంటివాటికి ఈ ఇబ్బంది ఉంది. నువ్వు బండిని ఎండిన వంకలోకో, దున్నిన మడిలోకో తీసుకెళ్లి ‘ఫోర్ హై’ వేయి, అంటే నాలుగు చక్రాలూ మామూలు వేగంతో తిరిగేది. నేను బయట నిలబడి ముందు చక్రాలు మట్టి తోడుతున్నాయో లేదో చూస్తాను. లోపల కూర్చున్నవాడికి అది తెలియదు. తర్వాత బండి పూర్తిగా ఆపి, న్యూట్రల్ చేసి ‘ఫోర్ లో’ (వేగం తక్కువ, లాగే బలం ఎక్కువ ఉండేది) వేసి గట్టు ఎక్కించు. టకటకమన్నా, లివరు దానంతటదే బయటికొచ్చినా లోపల అరిగిపోయినట్టే. చివరికి టూ వీల్‌కు తిరిగి వచ్చిందో లేదో కూడా చూడాలి. కొన్ని బండ్లలో లివరు మారుతుంది గానీ ముందు చక్రాలు విడవవు.

నాలుగు టైర్లూ ఒకే కొలత, ఒకే కంపెనీ, ఒకే అరుగుదలతో ఉండాలి. కుర్రాళ్లు సోకుకు పెద్ద టైర్లు వేయించి ఉంటే క్లచ్ మీద, ముందు యాక్సిల్ జాయింట్ల మీద అన్ని రోజులూ అదనపు బరువు పడినట్టే.

క్లచ్ గురించి కాస్త ఎక్కువే చెప్తాను. ఈ బండ్లను బురదలో ఆడించినవాళ్లు ముందు కాల్చేది దాన్నే. హ్యాండ్ బ్రేకు గట్టిగా వేసి, మూడో గేరులో పెట్టి, క్లచ్ మెల్లగా వదులు. ఇంజిన్ వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా గుర్రుమంటూ ఉంటే క్లచ్ ప్లేటు అయిపోయింది. ఒక్కసారే చెయ్యి, పదేపదే చేసి మనమే కాల్చకూడదు. తర్వాత మొగిలి ఘాట్‌కు తీసుకెళ్లి, ఎక్కుడులో నాలుగో గేరులో ఒక్కసారిగా తొక్కు. ఇంజిన్ అరుపు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. దిగుడులో కాలు తీసేస్తే గేరు న్యూట్రల్‌లోకి దూకకూడదు. మూడు నుంచి రెండుకు దించేటప్పుడు కరకరమంటే గేర్లు మెత్తగా కలిసేలా చేసే సింక్రోనైజర్ అరిగింది. గేర్‌బాక్స్ దించడమంటే చిన్న ఖర్చు కాదు.

ఇంజిన్ విషయం నీకు తెలిసిందే. చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించు. మనం పోయేసరికి బానెట్ వెచ్చగా ఉంటే, స్టార్టింగు ఇబ్బంది దాస్తున్నారేమోనని అనుమానించు. వేడెక్కాక నీలం పొగ వస్తుంటే ఆయిల్ కాలుతోంది.

చెన్నై బండి విషయంలో నాకు ఇంకో భయం ఉంది. 2015లోనూ 2023లోనూ డిసెంబరు వరదల్లో అక్కడ చాలా బండ్లు మునిగాయి. 2021 నవంబరులో మన తిరుపతిలోనూ చూశాం కదా. సీటు బెల్టు మొత్తం బయటికి లాగి చివర మట్టి మరక ఉందేమో చూడు. మ్యాట్లు ఎత్తి వాసన చూడు, సీటు కింది పట్టాలకు తుప్పు ఉందేమో చెయ్యి పెట్టి చూడు.

కాగితాల దగ్గర మొహమాటపడొద్దు. తమిళనాడు, కర్ణాటక బండ్లకు అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి. ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, ఆ డబ్బు కలుపుకుంటే చవక బండి చవక కాదు. ఆర్సీలో ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌వోసీ, అప్పు తీరిందని చూపే ఫారం 35 చేతికి రాకుండా రూపాయి ఇవ్వకు. బండి నీ పేరుకు మార్చే 29, 30 ఫారాల మీద సంతకాలు నీ కళ్ల ముందే చేయించుకో. ఛాసిస్ నంబరు ఆర్సీలో చూసి సరిపెట్టుకోవద్దు, బండి మీద చెక్కింది అద్దంలా తుడిచి ఒక్కో అంకె పోల్చు. మన శేషాచలం చుట్టూ ఎర్రచందనం కేసులు ఎన్నో చూస్తున్నాం. దొంగ నంబరు ప్లేటుతో దుంగలు మోసిన బండి నీ చేతికొస్తే, బండి పోవడమే కాదు, పోలీసు స్టేషన్ చుట్టూ అక్క కూడా తిరగాల్సి వస్తుంది. స్టేషన్‌లో తెలిసినవాళ్ల ద్వారా ఆ నంబరు మీద కేసులు ఉన్నాయేమో విచారిద్దాం.

ఏ మోడలని అడిగావట. తార్ అయితే ఒకటి గుర్తుపెట్టుకో, 2023 నుంచి వెనక చక్రాలు మాత్రమే తిరిగే తార్ కూడా అమ్ముతున్నారు, పేరు చూసి మోసపోవద్దు. రెనో డస్టర్ ఆల్ వీల్ బాగుంటుంది గానీ దానికి ‘ఫోర్ లో’ లేదు, బరువుతో గట్టు ఎక్కడానికి నీకు సరిపోదు. మారుతి జిమ్నీ తేలిక, కానీ పెట్రోలు, నీ కాయల బరువుకు చిన్నది. నా మనసులో మాట చెప్పమంటే, ఒకే యజమాని దగ్గర ఉండి, సర్వీసు బిల్లులు ఉన్న ఫోర్ బై ఫోర్ తార్ దొరికితే మిగతావాటి జోలికి పోవద్దు. డబ్బు మొత్తం బండికే పెట్టకు. కొన్న మర్నాడే నాలుగు ఆయిళ్లు, ఫిల్టర్లు మార్పించాలి, క్లచ్‌కూ కొంత పక్కన పెట్టుకో.

చెన్నై బండి నంబరు, ఆర్సీ ఫొటో ఈరోజే నాకు పంపించు. శనివారం పొద్దున మొదటి బస్సుకు చిత్తూరు వస్తాను, అక్కడి నుంచి ఇద్దరం కలిసి పోదాం. కింద పరుచుకోవడానికి గోనెసంచి, ఒక టార్చి తీసుకురా. మనం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని ఆ యజమానికి ముందే ఫోన్ చేసి చెప్పు.

మీ మామ