సంతకంతో పోయేవి, ఓటుతో పోయేవి

ప్రశ్న: అమెరికాలో అధ్యక్షుడు మారినప్పుడల్లా పారిస్ వాతావరణ ఒప్పందంలో చేరడం, మానుకోవడం చూస్తున్నాం. అంత తేలికా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: చేరడం తేలిక. మానుకోవడానికే టైం పడుతుంది. 2016లో ఒబామా దీన్ని సెనేట్ (అమెరికా పార్లమెంటు ఎగువసభ) ఓటుకు పెట్టకుండా, తన అధికారంతోనే చేర్చారు. అలా వచ్చినదాన్ని తరవాతి అధ్యక్షుడు సంతకంతోనే వదిలించుకోవచ్చు. అడ్డమల్లా ఒప్పందంలోని 28వ అధికరణం. అమల్లోకి వచ్చాక మూడేళ్లదాకా నోటీసు ఇవ్వకూడదు, ఇచ్చాక ఏడాది ఆగాలి. అందుకే ట్రంప్ 2017 జూన్ 1న ప్రకటించినా అమెరికా బయటపడింది 2020 నవంబర్ 4న, అదీ ఆయన ఓడిన ఎన్నికల పోలింగ్ మర్నాడు! బైడెన్ ప్రమాణం చేసిన రోజే సంతకం పెట్టారు, 30 రోజుల్లో సభ్యత్వం తిరిగొచ్చింది. రెండోసారి మూడేళ్ల గడువు అడ్డులేదు కనక, 2025 జనవరిలో ఇచ్చిన నోటీసు ఏడాదికే, 2026 జనవరి 27న, అమలైపోయింది.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఇంటిమీద సోలార్ పెట్టించుకున్నాడు. 2025 డిసెంబర్‌లోనే డబ్బంతా కట్టేశాడు, బిగింపు జనవరిలో అయింది. 30 శాతం పన్ను రాయితీ రాదంటున్నారు. చట్టంలో ఉన్నది ఎలా పోతుందండీ?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: రాదండీ. 2025 డిసెంబర్ 31 దాటాక చేసిన ఖర్చుకు ఈ రాయితీ లేదు. ఖర్చు చేసిన తేదీ అంటే చెక్కు రాసిన తేదీ కాదు, బిగింపు పూర్తయిన తేదీ. చాలామంది దెబ్బతిన్నది ఇక్కడే.

2022 ఆగస్టు నాటి చట్టం ప్రకారం ఈ 30 శాతం 2032 చివరిదాకా ఉండాల్సింది. అమెరికా సెనేట్‌లో మామూలు బిల్లు కదలాలంటే వందలో 60 ఓట్లు కావాలి. పన్నులు, ఖర్చులకు మాత్రం బడ్జెట్ రికన్సిలియేషన్ అనే దారి ఉంది, అందులో సగానికి ఒక్క ఓటు ఎక్కువైతే చాలు. ఆ చట్టం ఆ దారిలోనే 51–50తో, ఓట్లు సరిసమానమైనప్పుడు పడే ఉపాధ్యక్షురాలు హారిస్ ఓటుతో గట్టెక్కింది. 2025 జులైలో దాన్ని కోసేసిన బిల్లూ అదే దారిలో, అదే 51–50తో, ఉపాధ్యక్షుడు వాన్స్ ఓటుతో నెగ్గింది. ఒక్క సీటు అటూ ఇటూ అయితే ఫలితం వేరు. అధ్యక్షుడు ఎవరన్నదే చూసి, సెనేట్ లెక్క వదిలేస్తే ఈ సంగతి అంతుపట్టదు.

ప్రశ్న: మన దగ్గర ప్రభుత్వం మారితే గాలి, సోలార్ కరెంటు ఒప్పందాలు మార్చొచ్చా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: 2019లో ప్రయత్నం జరిగింది. ఆ జులైలో ఆంధ్రప్రదేశ్ కొత్త ప్రభుత్వం రేట్లు తగ్గించడానికి కమిటీ వేస్తూ జీవో ఇచ్చింది. సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసినా, తాత్కాలికంగా యూనిట్‌కు గాలికి రూ.2.43, సోలార్‌కు రూ.2.44 చొప్పున చెల్లించమంది. ఒప్పందంలోని రేటే కట్టాలని డివిజన్ బెంచ్ తేల్చింది 2022 మార్చిలో. కాగితం మీద ఒప్పందం నిలిచింది. కంపెనీలు కట్టాల్సిన బ్యాంకు వాయిదాలు మాత్రం కోర్టు తీర్పు దాకా ఆగవు కదా!