ఆకులు ఊడ్చకు నాన్నా

చిన్నా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "అక్కా, వీడు ఉద్యోగం మానేసి పెదవేగి కొబ్బరితోటలో కోకో వేస్తాడట, నువ్వైనా చెప్పు" అన్నాడు. వద్దని చెప్పమని వాడి ఉద్దేశం. నేను ఫోన్ పెట్టేసి ఒక్కదాన్నే కాసేపు నవ్వుకున్నాను. ఆ తర్వాత నిద్ర పట్టలేదు.

2024 వేసవిలో చాక్లెట్ చేసే ఈ కోకో ఎండు గింజలు కిలో వెయ్యి రూపాయలు దాటాయని విని దిగుతున్నావేమో. ఏడాది తిరిగేసరికి ఆ ధర సగానికి పడింది. కోకో ఎక్కువగా పండే ఆఫ్రికా దేశాలు ఘనాలో, ఐవరీకోస్ట్‌లో పంట పోతే మనకు పండగ, అక్కడ పండితే మనకు బెంగ. మొక్క కాపుకి రావడానికే మూడేళ్లు పడుతుంది, అప్పటి ధర ఎవరికి తెలుసు? మూడొందలకి అమ్మినా గిట్టుతుందా అని లెక్క వేసుకో.

నాటడం గురించి హార్టికల్చర్ వాళ్లు చెప్తారు. కొబ్బరి వరసల మధ్య మూడు మీటర్లకో మొక్క, డ్రిప్, లేత మొక్కకి నీడ, అంతే. ఒక్కటి మాత్రం మర్చిపోకు. ఒకే చెట్టు అంట్లు తోటంతా వెయ్యకు. చాలా కోకో చెట్లకు తమ పుప్పొడి తమకే పనికిరాదు, అందుకే నాలుగైదు రకాలు కలిపి నాటు.

ఇక నా ఘనకార్యం చెప్తాను, విను.

మా తోట అప్పుడే గొడుగుల్లా కమ్ముకుంది. కింద మోకాలి దాకా కాకపోయినా, చీలమండ మునిగేంత ఎండాకులు. ఒక సాయంత్రం నీళ్లు మళ్లించడానికి వెళ్లిన మీ మావయ్యని ఆ ఆకుల్లోంచి రక్తపింజరి కాటేసింది. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంటికొచ్చిన మర్నాడే నేను కొంగు దోపుకుని, ఇద్దరు ఆడవాళ్లని పెట్టుకుని తోటంతా ఊడ్చేశాను. ఆకులు, కాయ తొక్కలు, అన్నీ కుప్పలేసి తగలబెట్టాను. నెలకోసారి అదే పని. చూసినవాళ్లంతా "తోటా, గుడి ప్రాంగణమా?" అనేవాళ్లు. నాకు గర్వంగా ఉండేది.

మరుసటి కాపుకి మొదళ్ల మీద, కొమ్మల మీద వేలిగోరంత తెల్లటి పూలు విరగబూశాయి. రెండు రోజులకల్లా చెట్ల కింద మరమరాలు చల్లినట్టు రాలిపోయాయి. మామూలుగానే వంద పూలకి నాలుగైదు పిందెలు నిలిస్తే గొప్ప. మాకు అవి కూడా లేవు. ఎరువు తక్కువైందని ఎరువేశాను, పురుగు పట్టిందేమో అని మందు కొట్టించాను. పైనుంచి ఇంకా డబ్బు పోయడమే తప్ప కాయ లేదు. రెండేళ్లు అలా గడిచాయి.

ఆఖరికి, మా పొలం గట్టు అవతల ముసలి రైతు ఒకాయన నన్ను తన తోటలోకి తీసుకెళ్లాడు. కర్రతో ఆకులు కదిపి, కుళ్లిన కోకో తొక్క ఒకటి తిరగేశాడు. గుండుసూది తలకన్నా చిన్న పురుగులు గుప్పున లేచాయి. "అమ్మా, ఈ పూవులోకి దూరి పుప్పొడి చేర్చేది ఇవే. తేనెటీగకి అది ఇరుకు. ఇవి పుట్టేది ఈ కుళ్లులోనే" అన్నాడు. నేనేమో వాటి ఇల్లు కాల్చి, పైన మందు కొట్టాను.

ఇది అమెజాన్ అడవిలో పెద్ద చెట్ల నీడన, కుళ్లే ఆకుల మధ్య పుట్టిన చెట్టురా. నేను దాన్ని పెరట్లో తులసిమొక్కలా చూసుకున్నాను.

అందుకని ఆకులు ఊడ్చకు. కానీ బూట్లు లేకుండా ఆ తోటలో అడుగు పెట్టావంటే నా మీద ఒట్టు. చెవుల్లో పాటలు పెట్టుకుని తిరగకు. చీకటి పడ్డాక అసలు వెళ్లకు, మోటారు ఆగిపోతే ఆగిపోనీ. కూలీలకి కూడా బూట్లు కొను, ఆ డబ్బు దగ్గర పీనాసితనం చెయ్యకు.

కాయ కోసేటప్పుడు మెలితిప్పి లాగకు, కత్తితో కొయ్యి. పూలు మళ్లీ కాయ పట్టుకున్న ఆ బుడిపె మీదే వస్తాయి, అది ఊడొస్తే అక్కడ ఇక కాయదు. పండాక ఆలస్యం చేస్తే ఉడుతలు నీకంటే ముందే భోంచేస్తాయి.

నీకు ఏడేళ్లప్పుడు మా ఇంటికొచ్చి, గింజ చుట్టూ ఉండే తెల్లటి గుజ్జు చప్పరించి, "అత్తయ్యా, చాక్లెట్ వాసనే లేదు, మోసం" అని ఏడ్చావు, గుర్తుందా? ఆ వాసన పులిసి, ఎండి, వేగాక కదా వచ్చేది. గుజ్జుతో ఉన్న గింజలు బుట్టలో పోసి గోనెసంచి కప్పి ఆరు రోజులు ఉంచు. మూడో రోజు, ఐదో రోజు తిరగెయ్యి. మొదట కల్లు వాసన, ఆపైన పుల్లటి వాసన వస్తుంది. కుప్పలో చెయ్యి పెడితే వేణ్ణీళ్ల గుండిగలో పెట్టినట్టుండాలి. తొందరపడి నాలుగో రోజే ఎండబోస్తే చేదు మిగులుతుంది. బాగా ఎండిన గింజలు గుప్పిట్లో నలిపితే చిటపటమంటాయి.

సంక్రాంతికి ఎలాగూ వస్తావుగా, రెండు రోజులు ఎక్కువ ఉండు. మా తోటలో కత్తి పట్టడం నేర్పిస్తాను. బూట్లు నేనే కొంటున్నాను. నీ కాలి సైజు తొమ్మిదా, పదా? మీ నాన్ననడిగితే "ఏమో" అన్నాడు. మెసేజ్ పెట్టు.

మీ అత్తయ్య