చచ్చిన చేపలను లెక్కపెట్టి వచ్చేయకు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

చమురు ఒలికిన చోట చేపల సర్వేకి నిన్ను పంపుతున్నారని తెలిసి సంతోషించాను, కాస్త కంగారూ పడ్డాను. ఈ పనికి వెళ్లేవాళ్లు చాలామంది ఒడ్డుకు కొట్టుకొచ్చిన చేపలను లెక్కపెట్టి, నాలుగు ఫొటోలు తీసుకుని, "పెద్దగా నష్టం లేదు" అని రాసేస్తారు. నువ్వు అలా చేయకు. ఎదిగిన చేప నీటిలో తేడా తెలియగానే చాలాసార్లు తప్పుకుపోతుంది. చచ్చినవాటిలోనూ కొన్ని మునిగిపోతాయి, కొన్ని పక్షుల పాలవుతాయి. ఒడ్డు శుభ్రంగా కనిపించినంత మాత్రాన సముద్రం బాగున్నట్టు కాదు.

తప్పించుకోలేనివి గుడ్లూ, గుడ్డులోంచి అప్పుడే బయటికొచ్చిన పిల్లలూ. చాలా రకాల సముద్రపు చేపల గుడ్లు నీటి పైపొరలోనే తేలుతుంటాయి, చమురు తెట్టు ఉండేదీ అక్కడే. ముడి చమురులోని పీఏహెచ్ అనే రసాయనాలు వంద కోట్ల వంతుల నీటిలో కొద్ది వంతులే ఉన్నా, గుండె రూపుదిద్దుకుంటున్న పిండాన్ని దెబ్బతీయగలవు. అందుకే ముందు సన్నకన్ను వల వేసి గుడ్లూ పిల్లలూ పట్టు. నమూనా చెడకుండా ఉంచే ఫార్మలిన్‌ ద్రవంలో వేయకముందే, బతికి ఉండగానే మైక్రోస్కోపు కింద చూడు. చేపపిల్ల ఒళ్లు పారదర్శకంగా ఉంటుంది కాబట్టి గుండె కొట్టుకోవడం నేరుగా కనిపిస్తుంది. దెబ్బతిన్న పిల్లలో గుండె చుట్టూ ఉన్న పొరలో నీరు చేరి ఉబ్బుతుంది, గుండె సరిగ్గా మడత పడక సన్నని గొట్టంలా సాగిపోతుంది, వేగం తగ్గుతుంది. కొన్నిటికి వెన్ను వంగి, దవడ సరిగా ఏర్పడదు. ఒక్కో పిల్లకూ స్టాప్‌వాచ్ పెట్టి లెక్కించు, పక్కనే నీటి ఉష్ణోగ్రత తప్పకుండా రాసుకో. వేడిమి మారితే గుండె వేగం ఎలాగూ మారుతుంది, ఆ తేడాను చమురు ఖాతాలో వేయకూడదు.

2010లో మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ అనే డ్రిల్లింగ్ రిగ్గు పేలిపోయి, అది తవ్వుతున్న బావి నుంచి 87 రోజులు చమురు పారింది. ట్యూనా చేపలు అక్కడ గుడ్లు పెట్టే కాలం కూడా అదే. ఆ చమురుతో తర్వాత ల్యాబులో పరీక్షిస్తే ట్యూనా పిండాల్లో సరిగ్గా ఈ గుండె లోపాలే కనబడ్డాయి. గుండె కణం కొట్టుకోవడానికి అవసరమైన పొటాషియం మార్గాలను ముడి చమురు అడ్డుకుంటుందని కూడా తేలింది. ఇలాంటి పిల్ల బతికి పెద్దదైనా బలంగా ఈదలేదు, వేటాడే చేప నుంచి తప్పించుకోలేదు. దాని చావు ఏ లెక్కలోకీ రాదు. నన్ను ఇన్నేళ్లూ బాధపెట్టింది ఇదే.

ఇంకో సంగతి. ఎండ తగిలితే పీఏహెచ్‌ల విషప్రభావం పెరుగుతుంది, ఒళ్లు పారదర్శకంగా ఉన్న పిల్లలకు మరీనూ. ట్యూబ్‌లైట్ వెలుగులో చేసిన పరీక్ష తక్కువ నష్టం చూపిస్తే వెంటనే నమ్మేయకు.

పెద్ద చేపల విషయంలో కండను మాత్రమే పరీక్షకు పంపితే మోసపోతావు. చేప కాలేయం ఈ రసాయనాలను విడగొట్టి పిత్తంలోకి పంపేస్తుంది, కాబట్టి కండలో దాదాపు ఏమీ మిగలకపోవచ్చు. పిత్తాశయం నుంచి సిరంజితో పిత్తం తీసి, ముదురు రంగు గాజు సీసాలో వెలుగు తగలకుండా గడ్డకట్టించు. మేత తిన్న చేపలో పిత్తాశయం ఖాళీ అయిపోతుంది, అందుకని కడుపులో మేత ఉందో లేదో కూడా రాసుకో. అదే చోటి ఆల్చిప్పలు కొన్ని తీసుకురా. అవి ఈ రసాయనాలను అంతగా విడగొట్టలేవు, కాబట్టి వాటి ఒంట్లో పేరుకుపోతాయి. మొప్పలను మాత్రం చేప చచ్చిన నిమిషాల్లోనే భద్రపరచాలి, ఆలస్యమైతే ఏది చమురు దెబ్బో ఏది కుళ్లో చెప్పలేం.

తెట్టును చెదరగొట్టడానికి దాని మీద ఏ మందు చల్లారో, ఎప్పుడు చల్లారో అడిగి తెలుసుకో. 1967లో ఇంగ్లండ్ నైరుతి తీరంలో టోరీ కాన్యన్ అనే చమురు నౌక మునిగినప్పుడు సుమారు 10,000 టన్నుల డిటర్జెంట్లు వాడారు. ఒడ్డున ఉన్న జీవులకు చమురు కంటే వాటివల్లే ఎక్కువ హాని జరిగింది.

చమురు తగలని చోటు ఒకటి చూసుకుని అక్కడా అన్ని నమూనాలూ తియ్యి. 1989 మార్చిలో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ అనే చమురు నౌక ప్రమాదం జరిగింది, నాలుగేళ్లకు 1993లో అక్కడి హెర్రింగ్ చేపలు కుప్పకూలాయి. చమురా, రోగమా, మేత కొరతా అన్న వాదన ఇంకా తెగలేదు. పింక్ సాల్మన్ సంగతి అలా కాదు. చమురు తగిలిన వాగుల్లోనూ తగలని వాగుల్లోనూ గుడ్లను పోల్చి చూశారు కాబట్టి, తగిలినచోట గుడ్లు ఎక్కువగా చస్తున్నాయని చెప్పగలిగారు. అదీ ఒక్క ఏడాదిది కాదు, వరసగా కొన్నేళ్లు. 2001లో తవ్వి చూస్తే ఒడ్డున రాళ్ల కింద చమురు ఇంకా ఉంది. కాబట్టి రాబోయే గుడ్ల కాలాలకు కూడా సర్వే బడ్జెట్ ఇప్పుడే రాయించు. తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు.

ఏ చేప ఎప్పుడు, ఎక్కడ గుడ్లు పెడుతుందో ఆ తీరంలో వేటాడేవాళ్లను అడుగు. వాళ్లు కూడా నిన్ను అడుగుతారు, చేప తినొచ్చా, అమ్మొచ్చా అని. రిపోర్టు రాకముందు తినొచ్చనీ చెప్పకు, విషమనీ చెప్పకు. ఒక్క మాటతో వాళ్ల బతుకుతెరువు పోతుంది. ఫలితం ఏ తేదీకి వస్తుందో చెప్పి, ఆ రోజున నువ్వే వెళ్లి చెప్పు.

మీ మామయ్య