వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకి మత్తు మందు రోజూ ఎందుకు ఆపి చూస్తారు?

న్యుమోనియాతో మీ నాన్నగారిని వెంటిలేటర్ మీద పెట్టారని, పొద్దున మత్తు ఆపగానే గిలగిల్లాడారని, ఆయన్ని హాయిగా నిద్రలోనే ఉంచొచ్చు కదా అని అడిగారు. నేను హైదరాబాద్‌లో ఐసీయూ స్టాఫ్ నర్సుని. ఆయన కేసు గురించి చెప్పాల్సింది చూస్తున్న డాక్టరుగారే, ఈ పద్ధతి ఎందుకన్నది మాత్రం నేను చెప్తాను.

బయటికి నిద్రలా కనిపిస్తుంది గానీ అండి, అది నిద్ర కాదు. రోజుల తరబడి గాఢమైన మత్తులో ఉంచితే ఒంట్లో కండ కరిగిపోతుంది, దగ్గే బలం పోతుంది, ఆ తర్వాత వెంటిలేటర్ తీయడం కష్టమవుతుంది. మిడజోలామ్ లాంటి మందైతే కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ల ఒంట్లో పేరుకుపోయి, ఆపేసిన రెండు మూడు రోజులకి కూడా మెలకువ రాకపోవచ్చు. 2000లో చికాగో డాక్టర్లు 128 మంది మీద చేసిన అధ్యయనంలో, రోజుకోసారి మత్తు ఆపి చూసినవాళ్లు సగటున 5 రోజుల్లోపే వెంటిలేటర్ నుంచి బయటపడ్డారు, మిగతావాళ్లకి 7 రోజులు దాటింది. ఇప్పుడు చాలా చోట్ల అసలు మొదటి నుంచే తేలిక మత్తులో ఉంచాలని చూస్తారు.

అలాగని నొప్పిని ఓర్చుకోమని వదిలెయ్యం. ముందు నొప్పికి మందు, అది చాలకపోతేనే మత్తు, ఇదీ వరస. గొంతులో ట్యూబు, గంట గంటకీ సక్షన్ (గొట్టంతో కఫం లాగడం), ఒత్తుకుపోయిన వీపు, వీటన్నిటికీ ఫెంటనిల్ లాంటి నొప్పి మందు కావాలి. పేషెంటు నోరు విప్పి చెప్పలేరు కాబట్టి ముఖమూ ఒళ్లూ చూస్తాం: కనుబొమలు ముడిచారా, పిడికిలి బిగించారా, మెషిన్ ఇచ్చే ఊపిరికి ఎదురు తిరుగుతున్నారా. మత్తు ఎంతుందో కొలవడానికి రాస్ (RASS) అనే స్కోరుంది. ప్రశాంతంగా మెలకువగా ఉంటే 0. పేరు పెట్టి పిలిస్తే కళ్లు తెరిచి పది సెకన్లు దాటి మన వంక చూస్తే మైనస్ 1, అంతలోపే కళ్లు మూసేస్తే మైనస్ 2. చాలామందికి 0 నుంచి మైనస్ 2 మధ్య ఉంటే చాలు.

పేషెంటు కదలగానే ప్రొపొఫాల్ అనే మత్తు మందు పెంచడం తేలిక, కానీ దాంతో బీపీ పడిపోతుంది. అందుకే నేను ముందు యూరిన్ ట్యూబు మూసుకుపోయిందేమో, గొంతులో కఫం అడ్డం పడిందేమో, ఆక్సిజన్ తగ్గిందేమో చూస్తాను. ఉబ్బిన మూత్రాశయం వల్ల మంచం మీద ఎగిరెగిరి పడుతున్న మనిషికి ఎంత మత్తిచ్చినా ఏం లాభం?

ఇంకో నిజం కూడా చెప్పాలి. తేలిక మత్తులో ఉన్న పేషెంటు దగ్గర నర్సు నిలబడి ఉండాలి, లేకపోతే ట్యూబు పీకేసుకుంటారు. నైట్ డ్యూటీలో ఒక్క నర్సుకి ముగ్గురు వెంటిలేటర్ పేషెంట్లని అప్పగిస్తే చేతులు కట్టడమో, డోసు పెంచడమో జరుగుతుంది. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం, దీనికి మందు స్టాఫ్‌ని పెంచడమే.

గాఢమైన మత్తు తప్పనివాళ్లూ ఉన్నారు. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిని బోర్లా పడుకోబెట్టినవాళ్లు, తలలో ప్రెషర్ పెరిగినవాళ్లు, ఆగకుండా ఫిట్స్ వస్తున్నవాళ్లు. కండరాలు కదలకుండా మందు ఇచ్చినప్పుడైతే మత్తు అస్సలు ఆపరు, ఆపితే మనిషికి అన్నీ తెలుస్తుంటాయి, వేలు కూడా కదపలేరు.

విజిటింగ్ టైములో మీరు వెళ్లి ఊరికే ఏడుస్తూ నిలబడకండి. చెయ్యి పట్టుకుని "నాన్నా, ఈ రోజు బుధవారం, పొద్దున పదకొండయింది, ఆస్పత్రిలో ఉన్నావు, గొంతులో ట్యూబుంది అందుకే మాట రావట్లేదు" అని చెప్పండి. కళ్లజోడు, వినికిడి మెషిన్ ఉంటే సిస్టర్‌కి ఇవ్వండి. ఐసీయూలో చాలామందికి మతి తప్పినట్టవుతుంది, లేని మనుషులు కనిపిస్తారు, అప్పుడు తెలిసిన గొంతు వింటే కుదుటపడేవాళ్లని చాలామందిని చూశాను. డాక్టరుగారిని మాత్రం రెండు అడగండి: ఈ రోజు రాస్ ఎంత ఉండాలనుకుంటున్నారు, మత్తు ఆపినప్పుడు సొంతంగా ఊపిరి తీసుకునే పరీక్ష కూడా పెడుతున్నారా.