చదివింపుల పద్దు వద్దు

తమ్ముడూ,

లండన్ రాక్ బ్యాండ్ వైర్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఏ ఆల్బమ్ ఎప్పుడొచ్చింది, ఎవరేం వాయించారు, అన్నీ ఉన్నాయి. కానీ పెళ్లిలో చదివింపుల పద్దు వింటున్నట్టుంది.

1977 నాటి వాళ్ల మొదటి ఆల్బమ్ 'పింక్ ఫ్లాగ్' మళ్లీ పెట్టుకో. 21 పాటలు, అంతా కలిపి దాదాపు 35 నిమిషాలు. అందులో 'ఫీల్డ్ డే ఫర్ ద సండేస్' అయితే 28 సెకన్లే. మొదటిసారి విన్నప్పుడు ఫోన్ ఆగిపోయిందేమోనని చూశాను. అప్పటికే తర్వాతి పాట నడుస్తోంది! చెప్పాల్సింది అయిపోయింది, ఆపేశారు, అంతే. నీ వ్యాసంలో దీనికి ఒక్క వాక్యం. లండన్ పంక్ రాక్ నేపథ్యానికి మాత్రం రెండు పేజీలు. అవి కొట్టేయ్, అందరూ రాసిందే.

1978లో 'చైర్స్ మిస్సింగ్'. నిర్మాత మైక్ థార్న్ కీబోర్డుల దగ్గర కూర్చున్నాడు, సింథసైజర్లు వచ్చి చేరాయి. మరుసటి ఏడు '154'. అప్పటిదాకా ఇచ్చిన ప్రదర్శనల లెక్కే దాని పేరు. ఇక్కడ నువ్వు 'పరిణతి' అని మూడుసార్లు రాశావు. ఆ మాట కనబడితే రాసేవాడు వినడం మానేశాడని నాకు అనుమానం. చెవికి ఏం తేడా తెలిసిందో అది రాయి.

అసలు సంగతి తొమ్మిదో పేజీలో, బ్రాకెట్లో దాచావు. 1987లో అమెరికా పర్యటన. జనం పాత పాటలు అడుగుతారు, వీళ్లు పాడరు. అందుకని తమ పాటలు వాయించే ఎక్స్ లయన్ టేమర్స్ అనే కుర్రాళ్ల బ్యాండ్‌ను వెంట తీసుకెళ్లారు. ముందు వాళ్లు 'పింక్ ఫ్లాగ్' వాయించేవారు, తర్వాత వీళ్లు వచ్చి కొత్తవి. ఆ కుర్రాళ్లలో డ్రమ్మర్ జిమ్ డిరొగాటిస్ తర్వాత పేరున్న సంగీత విమర్శకుడయ్యాడు. వ్యాసం ఇక్కడ మొదలవ్వాలి కదరా!

నాకిది గుచ్చుకుంది, ఎందుకో చెప్తాను. నా మొదటి కథ బాగుందన్నారని, పేర్లు మార్చి అదే కథను ఆరేళ్లు రాశాను. నా బదులు రాసిపెట్టే కుర్రాళ్లెవరూ దొరకలేదు మరి.

ఇంకొకటి. డ్రమ్మర్ రాబర్ట్ గోటుబెడ్ వెళ్లిపోయాక మిగిలిన ముగ్గురూ బ్యాండ్ పేరు ఇంగ్లిష్ స్పెల్లింగులో (Wire) చివరి అక్షరం తీసేసి, Wir అనే పేరుతోనే 1991లో ఆల్బమ్ తెచ్చారు. నువ్వు దీన్ని 'ఆసక్తికర విశేషం' అని వదిలేశావు. మనిషి పోతే పేరులోంచి ఓ అక్షరాన్ని పోగొట్టుకున్నవాళ్లు వాళ్లు. దాని దగ్గర కాసేపు ఆగు.

నాలుగు పేజీలు చాలు. దసరాలోపు పంపు, చూస్తాను.

మీ అన్నయ్య